పాఠకుల ప్రశ్నలు, జవాబులు: లిస్ట్రోసారస్ సరీసృపమా, క్షీరదమా?

గత నెల సంచికలో లిస్ట్రోసారస్ అనే అంతరించిపోయిన జంతువును క్లుప్తంగా పరిచయం చేశాం. పందిని పోలిన ఒళ్ళు, పొట్టి కాళ్ళు, తాబేలుకు ఉన్నటువంటి గట్టి మూతి, పై దవడ నుంచి కిందికి దిగిన రెండు కోరలు గల ఈ శాకాహారి సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితం జీవించిందనీ, దీనిని "క్షీరదాల వంటి సరీసృపం" అంటారనీ రాశాం. దాని మీద రాయలసీమ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఐదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రొద్దుటూరు నుంచి ఒక ఉపాధ్యాయురాలు: సరీసృపాలు వేరు, క్షీరదాలు వేరు అని మా తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతాం. మీ వ్యాసం చదివిన ఒక అమ్మాయి "అయితే ఇది సగం బల్లి, సగం కుక్కనా, టీచర్?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఇంతకూ అది ఏ కోవకు చెందుతుంది?

జవాబు: మీ విద్యార్థిని సరైన ప్రశ్నే అడిగింది. పొరపాటు ఆ అమ్మాయి ఊహలో లేదు, మేము వాడిన మాటలో ఉంది. "క్షీరదాల వంటి సరీసృపం" అనేది పాత పుస్తకాల నుంచి అలవాటుగా వస్తున్న పేరు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు దానిని దాదాపు విడిచిపెట్టారు. దక్షిణాఫ్రికాలో రోడ్లు వేయించే పనిలో ఉన్న ఆండ్రూ గెడ్డెస్ బెయిన్ 1838 ప్రాంతంలో అక్కడి రాళ్ళలో కోరలున్న పుర్రెలను గుర్తించాడు. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ వాటిని పరీక్షించి 1845లో "డైసైనోడాన్" అని పేరు పెట్టాడు. రెండు కుక్కపళ్ళు గలది అని దాని అర్థం. మూతిని చూస్తే తాబేలు, కోరలను చూస్తే క్షీరదం తలపుకు వచ్చే ఆ పుర్రెలను ఏ కోవలో చేర్చాలో తెలియని రోజుల్లో రెండు పేర్లూ కలిపి వాడడం మొదలైంది. లిస్ట్రోసారస్ కూడా ఈ డైసైనోడాంట్ల గుంపుకు చెందినదే. 1870లో దానికి ఆ పేరు పెట్టిన ఎడ్వర్డ్ కోప్ చివర "సారస్", అంటే బల్లి, అనే మాట చేర్చడంతో అపోహ పేరులోనే స్థిరపడిపోయింది.

నేల మీద గుడ్లు పెట్టగలిగిన తొలి వెన్నెముక జంతువుల వంశం సుమారు 32 కోట్ల సంవత్సరాల క్రితం రెండు శాఖలుగా చీలింది. ఉమ్మడి ఇంటి నుంచి ఇద్దరు అన్నదమ్ములు వేరుపడినట్టు భావించండి. ఒకరి సంతతి తాబేళ్ళు, బల్లులు, పాములు, మొసళ్ళు, డైనోసార్లు, పక్షులు. రెండోవారి సంతతిని సినాప్సిడ్లు అంటారు. లిస్ట్రోసారస్, ఆవు, గబ్బిలం, తిమింగలం, మనిషి ఆ రెండో ఇంటివారే. అందువల్ల మన పూర్వీకులు ఏనాడూ బల్లులూ కారు, మొసళ్ళూ కారు. "సరీసృపాల నుంచి క్షీరదాలు పుట్టాయి" అనే వాక్యాన్ని తరగతిలో చెప్పకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. అలాగని లిస్ట్రోసారస్ మనకు ముత్తాత కూడా కాదు. క్షీరదాలకు దారితీసిన శాఖ సైనోడాంట్లు అనే మరో గుంపు. వరస కలపాలంటే లిస్ట్రోసారస్ మన ముత్తాతకు చిన్నాన్న బిడ్డ వంటిది. డైసైనోడాంట్లు, సుమారు 25 కోట్ల నుంచి 20 కోట్ల సంవత్సరాల క్రితం వరకు సాగిన ట్రయాసిక్ యుగం చివరికి పూర్తిగా అంతరించాయి.

ఈ రెండు శాఖలను పుర్రెలో వేరు చేసే గుర్తును మీ తరగతిలోనే చూపించవచ్చు. పిల్లలను కణతల మీద వేళ్ళు ఆనించి, ఒక జొన్నరొట్టె ముక్కను గట్టిగా నమలమనండి. వేళ్ళ కింద ఒక కండరం ఉబ్బి అణగడం తెలుస్తుంది. సినాప్సిడ్ల పుర్రెలో ప్రతి కంటికీ వెనుక ఒక్కటే రంధ్రం ఉంటుంది. దవడను మూసే కండరం ఉబ్బడానికి అది చోటిచ్చింది. బల్లి, మొసలి శాఖలో మొదట ఇటువంటివి రెండేసి ఏర్పడ్డాయి. మనలో ఆ రంధ్రం కంటిగూడు వెనుక భాగంతో కలిసిపోయింది గానీ, చెంప ఎముక వంపు వెనుక నుంచి కింది దవడకు దిగే కండరం ఇప్పటికీ అదే దారిన పోతోంది.

అనంతపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: పూర్వకాలపు జంతువుల దవడ ఎముకలే మన చెవిలోకి చేరాయని ఎక్కడో చదివాను. నమలడానికి వాడే ఎముక వినడానికి ఎలా పనికివస్తుంది? మార్పు జరుగుతున్న కాలంలో ఆ జంతువు దవడ ఊడిపోలేదా?

జవాబు: శిలాజాలు చెప్పిన కథలన్నింటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే కాబట్టి కొంత వివరంగానే రాస్తాను.

మనిషి మధ్యచెవిలో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు ఉంటాయి. బల్లి చెవిలో ఒక్కటే ఉంటుంది. మరోవైపు మన కింది దవడలో ఒక్కో పక్క ఒక్కటే ఎముక ఉంటే, బల్లి దవడలో ఒక్కో పక్క అనేక ఎముకలు అతికి ఉంటాయి. దవడలో తగ్గినవీ చెవిలో పెరిగినవీ ఒకటేనని మొదట చెప్పినవారు శిలాజాలు తవ్వినవారు కాదు, పిండాలను పరిశీలించినవారు. జర్మనీకి చెందిన కార్ల్ రైకెర్ట్ 1837లో క్షీరదాల పిండాలను కోసి చూసి, కూటకం మొదట కింది దవడలోని మృదులాస్థి కొసనే ఏర్పడుతుందనీ, తరువాతనే అది వేరుపడుతుందనీ గమనించాడు. బల్లి దవడ కీలులో కింది వైపు ఉండే ఎముకే మనకు కూటకం, పై వైపు ఉండేదే దాగలి. అప్పటికి దీనిని రుజువు చేసే శిలాజాలు లేవు.

ఆ తరువాత నూరేళ్ళకు పైగా దక్షిణాఫ్రికాలోనూ ఇతర చోట్లా దొరికిన సైనోడాంట్ల దవడలను కాలక్రమంలో పేర్చి చూస్తే మార్పు మెట్టు మెట్టుగా కనిపిస్తుంది. పళ్ళను మోసే ముందరి ఎముక తరతరానికీ వెనుకకు పెరుగుతూ వచ్చింది, దాని వెనుక ఉన్న చిన్న ఎముకలు కుంచించుకుపోతూ వచ్చాయి. ట్రయాసిక్ ఆరంభంలో జీవించిన, పిల్లిని మించని పరిమాణం గల థ్రినాక్సోడాన్ అనే సైనోడాంట్‌లో ముందరి ఎముకదే పెద్దపీట, అయినా కీలు మాత్రం ఇంకా పాత ఎముకల మధ్యనే ఉంది. మీరు అడిగిన ఊడిపోయే ప్రశ్నకు సమాధానం ఆ తరువాతి మెట్టులో దొరుకుతుంది. ముందరి ఎముక వెనుకకు పెరిగి పెరిగి పుర్రెను తాకి, పాత కీలు పక్కనే కొత్త కీలు ఏర్పరచుకుంది. దక్షిణాఫ్రికాలో దొరికిన ఒక జంతువుకు ఈ కారణంగానే "డయార్త్రోగ్నాథస్", అంటే రెండు కీళ్ళ దవడ గలది, అని పేరు పెట్టారు. వేల్స్ దేశంలో దొరికిన, సుమారు 20 కోట్ల ఏళ్ళనాటి చుంచెలుక వంటి మోర్గనుకోడాన్‌లోనూ రెండు కీళ్ళూ ఉన్నాయి. కొత్త కీలు బరువును మోయడం మొదలుపెట్టిన తరువాత పాత కీలుకు నమిలే పని తప్పింది. పాత దూలం కింద కొత్త దూలం నిలబెట్టిన తరువాతనే పాతదాన్ని తీస్తాం కదా, ఇక్కడా జరిగింది అదే. మధ్యలో ఏ ఒక్క తరమూ దవడ లేకుండా బతకవలసి రాలేదు.

వినడం సంగతి. ఆ చిన్న ఎముకలు దవడలో ఉన్నప్పుడే కంపనాలను చెవికి చేరవేసేవి. ఇప్పటికీ పాము నేల కంపనాలను దవడ ద్వారా గ్రహిస్తుంది. పెద్ద బరువైన ఎముక లోతైన కంపనాలనే అందుకుంటుంది, చిన్నదీ తేలికైనదీ అయ్యే కొద్దీ సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను కూడా అందుకోగలుగుతుంది. రాత్రిపూట పురుగులను వేటాడే చిన్న జంతువుకు ఆ శక్తి ఎంత మేలు చేస్తుందో ఊహించవచ్చు. అంటే ఒక పనికి పుట్టిన ఎముక రెండు పనులూ చేస్తూ కొంతకాలం గడిపి, చివరికి రెండోదానికే అంకితమైంది.

చెవి మరో విషయం కూడా చెప్పింది. లోపలి చెవిలో, తల తిరిగే వేగాన్ని పసిగట్టే అర్ధవర్తుల కుల్యలు అనే వంపు గొట్టాల లోపల ద్రవం ఉంటుంది. ఒళ్ళు వెచ్చబడితే ఆ ద్రవం పలుచబడుతుంది, దానికి తగ్గట్టు కుల్యల ఆకారం మారాలి. శిలాజ పుర్రెల లోపలి కుల్యలను కొలిచి 2022లో ప్రచురించిన పరిశోధన ఒకటి, మన శాఖలో వెచ్చని రక్తం సుమారు 23 కోట్ల 30 లక్షల సంవత్సరాల క్రితం వచ్చిందని అంచనా వేసింది. ఎముక లోపలి ఖాళీని బట్టి ఒంటి వేడిని లెక్కకట్టడం ఎంత సున్నితమైన పనో గమనించండి.

కర్నూలు నుంచి ఒక గృహిణి: క్షీరదం అంటే పాలిచ్చేది కదా. ఈ జంతువులు పిల్లలకు పాలిచ్చేవా? పాలు శిలాజంగా మిగలవు గదా, ఎలా తెలుస్తుంది?

జవాబు: పాలు మిగలవు, పళ్ళు మిగులుతాయి. తల్లిపాలు తాగే బిడ్డకు పళ్ళతో తొందర లేదు. దవడ కొంత పెరిగిన తరువాత పాలపళ్ళు, ఆ పైన ఒక్కసారి శాశ్వత దంతాలు వస్తే సరిపోతుంది. పుట్టిన రోజు నుంచే సొంతంగా తినవలసిన జంతువుకు దవడ పెరిగే కొద్దీ పళ్ళు మళ్ళీ మళ్ళీ రావాలి. థ్రినాక్సోడాన్ పళ్ళు అలా అనేకసార్లు మారాయి. మోర్గనుకోడాన్‌కు మాత్రం మనకు వలెనే రెండు విడతలే. పాలివ్వడం అప్పటికే మొదలై ఉంటుందనడానికి ఇదే బలమైన ఆధారం. లిస్ట్రోసారస్ పాలిచ్చిందనడానికి ఆధారం లేదు.

అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన కాయెంటాథీరియం అనే క్షీరద బంధువు గురించి 2018లో వెలువడిన అధ్యయనాన్ని కూడా మీకు చెప్పాలనిపిస్తోంది. తల్లి అస్థిపంజరంతో పాటు కనీసం 38 పసికూనల ఎముకలు అక్కడే దొరికాయి. ఇప్పటి ఏ క్షీరదానికైనా ఒక కాన్పులో పుట్టే పిల్లల సగటుకు అది రెండింతల కంటే ఎక్కువ. ఆ కూనల పుర్రెలు తల్లి పుర్రెకు చిన్న నమూనాల్లా ఉన్నాయి, మన పసిబిడ్డలకు వలె పెద్ద తల, చిన్న ముఖం లేవు. ఎక్కువమందిని కని వదిలేయడం నుంచి కొద్దిమందిని కని పెంచడానికి మారడం, మెదడు పెరగడం కలిసి జరిగాయన్న ఆలోచనకు ఈ శిలాజం బలం ఇచ్చింది.

కళ్యాణదుర్గం నుంచి ఒక రైతు: మా దిక్కు వరుసగా రెండేళ్ళు వాన రాకపోతే మేకలకు కూడా మేత దొరకదు. పెర్మియన్ యుగం చివర భూమి మీద జీవజాలం చాలావరకు నశించిందని రాశారు. అటువంటి కరువులో గడ్డీగాదం తినే ఈ జంతువు ఎట్లా బతికింది? ఎముకలు ఆ సంగతి చెబుతాయా?

జవాబు: చెబుతాయి, మీరు కరువును ఎరిగినవారు కాబట్టి ఆ సాక్ష్యం మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. 25 కోట్ల 20 లక్షల సంవత్సరాల క్రితం సైబీరియాలో దీర్ఘకాలం లావా పొంగి, దానితో వెలువడిన వాయువుల వల్ల భూమి విపరీతంగా వేడెక్కింది. సముద్ర జీవజాతుల్లో పదింట ఎనిమిదికి పైగా నశించాయి. ఆ విలయం దాటిన తరువాతి దక్షిణాఫ్రికా రాతి పొరల్లో దొరికే వెన్నెముక జంతువుల శిలాజాల్లో లిస్ట్రోసారస్‌దే సింహభాగం.

కానీ సుఖంగా బతికిందని అనుకోరాదు. ఎముకను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే చెట్టు మానులో వలె ఏటేటా పెరిగిన గీతలు కనిపిస్తాయి. విలయానికి ముందు ఈ జంతువులు 13, 14 ఏళ్ళు బతికాయనీ, తరువాతివి రెండు మూడేళ్ళకే చనిపోయాయనీ, ఒంటి పరిమాణం కూడా తగ్గిందనీ 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. అంత తక్కువ కాలంలో చనిపోతూ కూడా వంశం నిలిచిందంటే, అవి చిన్న వయసులోనే పిల్లలను కని ఉండాలి. 2022లో వచ్చిన మరో పరిశోధన నిజంగా కరువు గురించే. ఎండిన నది ఒడ్డున, కాళ్ళు చాచి కూలిన భంగిమలో చిన్న లిస్ట్రోసారస్‌లు గుంపుగా చనిపోయి కనిపించాయి. వాటిలో రెండింటికి ఎండి బిగుసుకుపోయిన చర్మం గుర్తు కూడా మిగిలింది. వెంట్రుకలు లేని, గుంతలు గుంతలుగా ఉన్న తోలు అది. అది చదివినప్పుడు నీళ్ళు ఇంకిన చెరువు దగ్గర పడిపోయిన పశువులే నా కళ్ళ ముందు మెదిలాయి.

బతికినవి ఏం చేశాయన్నది కోరలు చెబుతాయి. ఏనుగు దంతం వలె దీని కోర జీవితాంతం పెరిగేది. అంటార్కిటికాలో దొరికిన ఆరు కోరలనూ దక్షిణాఫ్రికాలో దొరికిన నాలుగింటినీ అడ్డంగా కోసి పోల్చి 2020లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఫలితాలు ప్రచురించారు. రెండు చోట్లవాటిలోనూ వలయాలు ఉన్నాయి. అంటార్కిటికావాటిలో మాత్రం కొన్ని చోట్ల మందమైన వలయాలు ఒకదానికొకటి ఇరుకుగా ఉన్నాయి. ఎదుగుదల దీర్ఘకాలం కుంటుబడిందనీ, నెలల తరబడి చీకటి కమ్మే ఆ శీతాకాలాలను అవి సుప్తావస్థ వంటి నిద్రలో గడిపి ఉంటాయనీ వారు భావించారు. మీ చెరువు ఎండినప్పుడు కప్పలు బురద లోతుకు దిగి కదలకుండా ఉండడం చూసే ఉంటారు. ఉపాయం అటువంటిదే.

బొరియ సాక్ష్యం కూడా ఉంది. 1975లో దక్షిణాఫ్రికాలో వరద మట్టితో పూడి రాయిగా మారిన ఒక బొరియను సేకరించారు. దానిని పగలగొట్టకుండా 2013 నాటికి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ కేంద్రంలో శక్తిమంతమైన ఎక్స్‌రేలతో లోపల చూస్తే, ఒక థ్రినాక్సోడాన్, దాని పక్కనే ఒక ఉభయచరం కనిపించాయి. ఉభయచరానికి పక్కటెముకలు విరిగి, మానుతున్న గుర్తులు ఉన్నాయి. థ్రినాక్సోడాన్ గాఢమైన నిద్రలో ఉండబట్టే గాయపడిన ఆ జీవి లోపలికి వచ్చి తలదాచుకోగలిగి ఉంటుందని పరిశోధకులు ఊహించారు. తరువాత వరద వచ్చింది.

ఎర్రగుంట్ల నుంచి బండల గనిలో పనిచేసే ఒక పాఠకుడు: మేము నాపరాళ్ళు చీల్చేటప్పుడు కొన్నింటిలో ఆకు మాదిరి, చెట్టు మాదిరి నల్లటి గుర్తులు వస్తాయి. మీరు రాసిన జంతువుల ఎముకలు మా బండల్లో కూడా దొరుకుతాయా? దొరికితే ఎట్లా గుర్తుపట్టాలి?

జవాబు: ఆ నల్లటి గుర్తులు చూడడానికి అచ్చం ఆకులే, నిజానికి ఖనిజాలు. రాయి పొరల మధ్య సన్నని సందులోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము కొమ్మలు కొమ్మలుగా పేరుకొని ఆ ఆకారం తీసుకుంటాయి. వాటిని డెండ్రైట్లు అంటారు. చదువుకున్నవారు కూడా వాటిని శిలాజాలని పొరబడుతుంటారు.

మీ బండల్లో లిస్ట్రోసారస్ ఎముక దొరకదు, ఎందుకంటే మీ నేల దానికంటే చాలా ముసలిది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ళు ఎముకలున్న జంతువు అనేదే పుట్టకముందు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. వాటి కింద ఉన్న కడప శిలలు ఇంకా పాతవి. వాటిలో వేంపల్లె దగ్గరి రాళ్ళు సుమారు 190 కోట్ల సంవత్సరాల నాటివి. వాటిలో జీవం గుర్తులు లేకపోలేదు. గోపురాల మాదిరి పొరలు పొరలుగా పెరిగిన స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. అవి కంటికి కనిపించని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు తరతరాలుగా కట్టుకున్న దిబ్బలు. అనంతపురం వైపు నల్లరాతి కొండలైతే కరిగి గట్టిపడిన శిలలు, వాటిలో శిలాజం ఉండే ప్రశ్నే లేదు. మరోవైపు బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల మట్టిలో దొరికినవి మరీ కొత్తవి. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1880లలో తవ్వి తీసిన ఆ ఎముకల్లో ఒక ఖడ్గమృగానికి రిచర్డ్ లైడెక్కర్ 1886లో కర్నూలు పేరు మీద "రైనోసెరస్ కర్నూలియెన్సిస్" అని నామకరణం చేశాడు. అవి మంచుయుగపు అసలు సిసలు క్షీరదాలు. ఆ రెండింటికీ నడుమ ఉండవలసిన 25 కోట్ల ఏళ్ళనాటి పొర మీ ప్రాంతంలో లేదు.

ఆ పొర తెలుగు నేల మీద ఉన్నది ప్రాణహిత, గోదావరి లోయలో. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కుందారం రాళ్ళలో ఎండోథియోడాన్ అనే డైసైనోడాంట్ దొరికింది. ఎర్రపల్లి రాళ్ళలో దొరికినదానికి భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా పేరు మీద 1970లో "వాడియాసారస్" అని పేరు పెట్టారు. మలేరి రాళ్ళలోని ఒక సైనోడాంట్‌కు 1982లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను తలచుకుంటూ "ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే" అని పేరు పెట్టారు. లిస్ట్రోసారస్ మాత్రం మన దేశంలో పశ్చిమబెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర పాంచెట్ రాళ్ళలో దొరికింది. 1969లో అంటార్కిటికాలోని కోల్‌సాక్ బ్లఫ్ అనే చోట శిలాజ శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ కోల్బర్ట్ ఉన్న బృందం అదే జంతువును గుర్తించింది. ఈదుకుంటూ మహాసముద్రాలు దాటలేని జంతువు దక్షిణాఫ్రికాలో, బెంగాల్‌లో, అంటార్కిటికాలో దొరికిందంటే అప్పుడు ఆ నేలలన్నీ కలిసే ఉండాలి. ఆ కలిసిన ఖండానికి పెట్టిన గోండ్వానా అనే పేరు మన గోండుల పేరు నుంచి వచ్చిందే.

మీ గనిలో గోపురం ఆకారపు పొరలు గానీ, గుహ మట్టిలో ఎముకలు గానీ కనబడితే అక్కడి నుంచి కదిలించకండి. ఎముక ఏ పొరలో ఉందన్నదే దాని వయసు చెబుతుంది, ఊడదీసి ఇంటికి తెచ్చిన ఎముక ఆ సంగతి చెప్పలేదు. పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీసి, చోటు రాసిపెట్టి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు గానీ మీకు దగ్గరలోని విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర విభాగానికి గానీ తెలపండి.